అతుకులు తడిమిన దేవదానం మాస్టారు

తొమ్మిదో తరగతికి పద్యం చెబుతుండగా హెడ్మాస్టరుగారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఆయన ముఖం చూసి పుస్తకం మూశాను. మా లెక్కల మాస్టారు దేవదానంగారు ముమ్మిడివరం దారిలో బండి విరిగి మరణించారన్నారు. ఆ పొద్దున్నే నాతో ఫోనులో మాట్లాడిన మనిషి! నమ్మడానికి మనసు ఒప్పలేదు.

అమలాపురం పిల్లలకు ఆయన లెక్కల మాస్టారు. రూపు మార్చిన మోటారు సైకిళ్లంటే ప్రాణం పెట్టేవారికి మాత్రం ‘బండి ముచ్చట్లు’ బ్లాగు రచయిత. ఆదివారం ఆరాధన ముగియగానే కెమెరా మెడలో వేసుకుని బయలుదేరేవారు. రాజోలులోనో కొత్తపేటలోనో ఎవరైనా పాత బండికి కొత్త రూపమిచ్చారని వింటే చాలు. ఆ రాతల్లో అచ్చుతప్పులు దిద్దే భాగ్యం నాది.

సైలెన్సరు పీకి ఊరు దద్దరిల్లించే బండి గురించి ఆయన ఒక్క వాక్యమైనా రాయలేదు. “పక్కింట్లో ముసలాళ్లుంటారు కదండీ” అనేవారు. రంగులనూ నగిషీలనూ మనసారా మెచ్చుకునేవారు. కానీ ముందు నేలమీద చతికిలబడి, చాసిస్ అనే ఇనుప చట్రం అతుకులు తడిమేవారు. “అందం సంగతి యజమాని చూసుకుంటాడండీ. అతుకు సంగతి ఎవరో ఒకరు చూడాలి కదా” అన్నది ఆయన నిత్యవాక్యం.

గత నెలలో ముమ్మిడివరం దగ్గర రొయ్యల చెరువులు సాగుచేసే శ్రీను మమ్మల్ని పిలిచాడు. పెళ్లి ఊరేగింపుకి వధువు ఉమను ఎక్కించుకోవాలని బండి చేయించాడు. హ్యాండిలు కింద మెడ దగ్గర చాసిస్ కోసి, అతుకు వేయించి, ముందు భాగం మూరెడు సాగదీయించాడు. నెమలికంఠం రంగు, కళ్లు చెదిరే మెరుపు. మాస్టారు ఆ మెడమీద స్పానరుతో తట్టారు. పగిలిన కుండలా మోగింది.

“శ్రీనుగారూ, దీనిమీద అమ్మాయిని ఎక్కించకండి.”

“మీరు మరీనండీ మాస్టారూ! రోజూ తిరుగుతున్నాను. ఏమైందండీ?”

“ఏమీ కాలేదు. ఇంకా కాలేదంతే.”

ఆనాటి నుంచి ఆయనకు శాంతి లేదు. బ్లాగు ఆగిపోయింది. పాఠం మధ్యలో సుద్దముక్క పట్టుకుని నిలిచిపోయేవారు. “ఆ చప్పుడు చెవిలోంచి పోవడం లేదండీ” అన్నారొకసారి. సాయంత్రాలు శ్రీనుకు ఫోను చేసి బతిమాలేవారు. చివరికి పెళ్లి ముందురోజు, అమలాపురంలో తనకు తెలిసిన వెల్డరు చేత మళ్లీ అతికించడానికి ఒప్పించి, సెలవు పెట్టి వెళ్లారు.

పొద్దున్న ఫోను చేశారు. “ట్రాలీ ఆటో రాలేదండీ. బండి ఇక్కడే ఉంచితే శ్రీను ఎక్కేస్తాడు. మెల్లగా నేనే తెచ్చేస్తాను.”

“వద్దండీ మాస్టారూ! రేపు చూద్దాం.”

“రేపేనండీ పెళ్లి.”

సైకిలంత నెమ్మదిగానే వస్తున్నారట. కల్వర్టు గుంతలో ముందు చక్రం దిగగానే మెడ దగ్గర అతుకు విడిపోయింది. తల కల్వర్టు గోడకు తగిలింది.

పెళ్లి ఆపవద్దని మాస్టారి భార్య కరుణమ్మగారే కబురు పంపారు. మర్నాటి సాయంత్రం మాస్టారి ఖననానికి సమాధుల దొడ్డికి శ్రీను, ఉమ పెళ్లిబట్టలతోనే వచ్చారు. ఎవరో పెద్దావిడ వారించింది: “పారాణి కాళ్లతో ఇక్కడికి రాకూడదమ్మా.”

“మాస్టారు అడ్డం రాకపోయుంటే నన్ను శ్మశానానికే తెచ్చుండేవారండీ” అంది ఉమ.

శ్రీను తలెత్తలేదు. కరుణమ్మగారు ఆ పిల్లను దగ్గరకు తీసుకుని, అప్పటిదాకా రాని ఏడుపు ఏడ్చారు. పరుల ప్రాణాన్ని తన ప్రాణంకన్న మిన్నగా ఎంచిన ఆ పుణ్యాత్ముడికి చేతులు జోడించాను. ఆ స్థానంలో నిలబడగల మనిషిని నేనెరుగను.