గోడ మీద బొద్దు పిల్లాడు

నేను గోడకెక్కించిన మొదటి వాక్యం ఒక గర్భిణిని లేనిపోని ధీమాతో ఇంటికి పంపించబోయింది. ఆపింది నేను కాదు, వాళ్ళత్త నోరు. నవ్వుకోండి, మీ ఇష్టం. కానీ మధ్యలో నవ్వలేని చోటొకటి వస్తుంది, ముందే చెబుతున్నాను.

అప్పుడు మహబూబాబాద్‌లో ఒక దవాఖానలో కౌన్సెలర్‌గా కొత్తగా చేరాను. జనగామలో చదివిన చదువంతా నెత్తిన పెట్టుకుని తిరిగే రోజులు. గర్భిణులకు మూడో నెలలో చేసే ఒక రక్తపరీక్ష మీద పోస్టర్ రాయమన్నారు. కడుపులో బిడ్డకు కొన్ని జన్యు లోపాలు ఉండే అవకాశం ఎక్కువా, తక్కువా అని ఆ పరీక్ష చెబుతుంది. అది అంచనా మాత్రమే. ఆ మాట రాస్తే జనం భయపడతారని, మహా తెలివిగా తీసేశాను. ‘ఆరోగ్యవంతమైన బిడ్డ కోసం నేడే ఈ పరీక్ష చేయించుకోండి’ అని రాసి, పక్కన మా అక్క కొడుకు ఫొటో వేయించాను. బూరెల్లాంటి బుగ్గలు వాడివి. మిర్చి విత్తనాల దుకాణం బోర్డు కూడా అంత గొప్పలు పోదు.

జనం విరగబడ్డారు. నేను ఉబ్బిపోయాను.

ఒకరోజు తండా నుంచి కమిలి అనే పెద్దామె, కోడలు భూలిని వెంటబెట్టుకుని వచ్చింది. భూలి రిపోర్టులో ‘అవకాశం ఎక్కువ’ అని ఉంది. నేను నోరు తెరిచేలోపే కమిలి అందుకుంది.

“బిడ్డా, మొన్నటి సూది మా కోడలికి పనిచెయ్యలేదంట. ఇంకోటి ఎయ్యి, పోతం.”

“అది మందు సూది కాదవ్వా. రక్తం తీసినం, అంతే.”

“మరి గోడ మీద గట్లెందుకు రాసిండ్రు? గీ సూది ఏసుకుంటే గసొంటి పిల్లగాడు పుడ్తడనే గదా? వాళ్ళమ్మ ఎన్ని ఏసుకున్నది?”

“వాడు మా అక్క కొడుకు. మా అక్క ఈ పరీక్ష చేయించుకోలేదవ్వా.”

“చేయించుకోకుంటనే గంత మంచిగ పుట్టిండా!”

వెనక బెంచీ మీది ఆడమనిషి లేచి నిలబడింది. “మేడం, నాకు రెండు సీసాల రక్తం తీసిండ్రు. కవలలు పుడ్తరా ఏంది?”

అందరూ నవ్వారు. భూలి నవ్వలేదు. చెయ్యి కడుపు మీదే పెట్టుకుని, “మరి నా బిడ్డకు ఏమైంది మేడం?” అంది.

నాకు సిగ్గేసింది, భయమూ వేసింది. కమిలి నోరున్న మనిషి కాబట్టి సరిపోయింది. అడగకుండా వెళ్ళిపోయి ఉంటే, ఎక్కడో ఒక బలం సూది వేయించుకుని నిశ్చింతగా ఉండిపోయేవాళ్ళు.

భూలి పక్కన కూర్చున్నాను. “ఏదో అయిందని కాదు భూలీ. అవకాశం జర ఎక్కువున్నదని. ఉన్నదో లేదో తేలాలంటే కడుపులకెల్లి ఉమ్మనీరు తీసి ఇంకో పరీక్ష చెయ్యాలె. దాంతోని గర్భం పోయే ప్రమాదం కొద్దిగ ఉంటది. చేయించుకోవచ్చు, వద్దనొచ్చు.”

“వద్దనొచ్చునా?”

“అనొచ్చు. ఎవ్వరు ఏమనరు.”

“గీ ముచ్చట ఎవ్వరు చెప్పలే.”

చెప్పాల్సింది నేనే. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మొగుడితో మాట్లాడుకుని, వారం తిరగకుండా వచ్చింది భూలి. “ఎట్ల పుట్టినా నా బిడ్డనే. వద్దు మేడం,” అంది. డాక్టరమ్మ సరేనని, స్కానింగులకు మాత్రం తప్పకుండా రమ్మంది. నేను ఆ రోజే మా అక్క కొడుకుని గోడ మీంచి దించి, ఫొటో లేకుండా కొత్తది రాశాను. ఇది మందు కాదు. ఎక్కువ అని వస్తే జబ్బు ఉన్నట్టు కాదు, తక్కువ అని వస్తే లేనట్టూ కాదు. తేల్చే పరీక్ష వేరే ఉంది, దానితో గర్భం పోయే ప్రమాదం కొద్దిగా ఉంది. వద్దనడం మీ హక్కు. కమిలికి చదివి వినిపించి, ఆమె తల ఊపాకే అంటించాను.

భూలికి ఆడపిల్ల పుట్టింది. డాక్టరమ్మ పరీక్షించి ఏ లోపమూ లేదంది. నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి. కమిలి మనవరాలిని నా ఒళ్ళో పెట్టి గోడ వైపు చూపించింది.

“గా పిల్లగాన్ని తీసేసిన జాగ ఖాళీగనే ఉన్నది బిడ్డా. మా మనవరాలి ఫొటో పెట్టు.”

దాని బుగ్గలు కూడా బూరెలే! ఫొటో తీద్దామని ఫోన్ పైకెత్తేశాను కూడా. అప్పుడు తట్టింది: ఈ ఫొటో పెడితే, పరీక్ష వద్దన్నవాళ్ళకే ఇంత ముద్దుగా పుడతారనుకుని రేపటి నుంచి రక్తపరీక్ష వరుసలో ఒక్కరూ మిగలరు.

ఫోన్ సంచిలో పెట్టేశాను. నా ఉద్యోగం మీద ఒట్టు, బుగ్గలెంత బూరెల్లా ఉన్నా సరే, నేనుండగా ఆ గోడ మీదికి ఏ పిల్లా ఎక్కదు.