మా మరిది పూసిన పసుపు పలక

మొన్న విశాఖపట్నం నుంచి చదువుకున్న పిల్ల ఒకర్తె వచ్చింది. చనిపోయిన మా మరిది బొమ్మల మీద పుస్తకం రాస్తోందట. గుడ్డల మీద వేసినవన్నీ ఊళ్లు తిరిగి చూసి, చివరికి మా ఉద్దానం సముద్రపు ఒడ్డుకు చేరింది. ఇక్కడ ఏ పడవ చూసినా అదే పసుపు పలక, దాన్ని కోస్తూ ఏటవాలు నల్లగీత, పక్కన ఎర్రమచ్చ. "ఎంత గొప్ప ప్రభావమండీ" అంటూ ఫోటోలు తీసుకుంది. నాకు ఒళ్లు మండింది.

మా ఆయన కొత్త పడవ కట్టించినప్పుడు, దాని మీద మా అత్త పేరు రాయమని తమ్ముడికి చెప్పాడు. మరిదిగారు పలాస నుంచి రంగు డబ్బాలు తెచ్చి, పది రోజులు చేపల వేట మాన్పించి, ఆ మూడు రంగులు పూసి కుంచె కడుక్కున్నాడు.

"ఏట్రా ఇది? అమ్మ పేరు రాయమంటే గోడకి పేడ కొట్టినట్టు కొట్టినావు" అన్నాడు మా ఆయన.

"పేరు రాత్తే సదివీవోలు ఎవులున్నారన్నియ్యా ఈ ఒడ్డున? వొదినకొచ్చా సదువు?"

నాకు అప్పటికి ఓనమాలు రావు. ఇద్దరినీ తిట్టి లోపలికి పోయాను.

ఆ ఏడే ఒక మధ్యాహ్నం, పడవలు వేటలో ఉండగా గాలి తిరగబడింది. ఆడవాళ్లందరం ఇసకలో నిలబడి, అలల మీది నల్లచుక్కల్లో ఎవరి పడవ ఏదో తెలియక ఏడుస్తుంటే, నాకు మాత్రం అంత దూరాన పసుపు కనిపించింది. మా పడవ అదేనని తెలిసి ఏడుపు ఆపాను. మరిది చేసిన పని అప్పుడు అర్థమైంది. ఆ మాట వాడితో ఎప్పుడూ అనలేదు, అది వేరే సంగతి.

ఇక మా వాళ్ల తెలివి చూడండి. ఆ రంగుల వల్లే పడవ గండం గట్టెక్కిందని ఊరంతా అవే పూసేసుకున్నారు. ఒక్కో పడవకు ఒక్కో తీరు వేసిపెడతానని మరిది ఇల్లిల్లూ తిరిగాడు. ఎవరూ వినలేదు. పోనీ మనదైనా మారుద్దామని డబ్బా పట్టుకొస్తే మా ఆయనే అడ్డం నిలబడ్డాడు.

"కలిసొచ్చిన రంగు సెరిపితే గంగమ్మ ఊరుకుంటాదేటి? ఎల్లు."

"మరి వొదినెలా పోల్చుకుంటాది?"

"ఒడ్డుకొచ్చినాక సూసుకుంటాది."

అరవై దాటాక కోడలి దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను, ఈమధ్య పడవలన్నిటికీ రంగుల కింద చిన్నగా రాస్తున్న పేర్ల కోసం. ఇప్పుడు నా కొడుకు వేటకెళ్తున్నాడు. మబ్బు పట్టినప్పుడల్లా కోడలూ నేనూ ఒడ్డుకు పోతాం. పుస్తకం రాసే పిల్లను కూడా తీసుకెళ్లి, వస్తున్న పడవల్లో మాదేదో చూపించమన్నాను. ఫోను దించేసింది. అక్షరం కంటికి ఆనాలంటే పడవ మోకాలి లోతుకు రావాలి. వయసు పైబడితే కాలం పరుగెడుతుందంటారు. పడవ కనబడిన దగ్గర్నుంచి దాని పేరు కనబడేదాకా నాకు అదేం పరుగెత్తదు.