కడపలో మిగిలినవాళ్లు

కడపలో ఎలుకలు రాలుతున్నాయని రాజంపేట సంతలో విన్న మర్నాడే బయలుదేరాను. ప్లేగు మనుషుల్ని పట్టే ముందు ఎలుకల్ని పడుతుందని మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ ఊళ్లో మా అక్క సుబ్బమ్మ ఉంది. పొద్దున ఏడింటి రైలుకు మూడో తరగతి టికెట్టు ఐదణాలు. తొమ్మిదిన్నరకు దిగాను. స్టేషను నుంచి బట్టల బజారుకు జట్కా రెండణాలు. ఆ రోజు జట్కా సాయిబుకు నేనొక్కడినే బేరం.

"జనమంతా యాడికి పోయినారు సాయిబూ?"

"ఊరి బయట చేన్లల్లో కొట్టాలేసుకోని ఉండారప్పా. చేను ఉండేటోల్లు పోయినారు. మాకు యాడుండాది? దూదేకులోల్లు, మగ్గాలోల్లు, నేనూ నా గుర్రమూ ఈడనే ఉండాము."

జనాభా లెక్కలు రాసేవాళ్లు ఇంటింటికీ తిరిగి కులమూ మతమూ రాసుకుపోతారు. ఆ రోజు కడపలో అంత శ్రమ అక్కర్లేదు. తాళం పడిన తలుపులు భూమి ఉన్నవాళ్లవి, పొయ్యి రాజేసినవి లేనివాళ్లవి. రెండింట్లోనూ సాయిబులున్నారు, హిందువులున్నారు. మా బావకు కమలాపురంలో చేనుంది. అయినా ఆయన ఊరు వదల్లేదు, ఇంటినిండా అమ్మకానికి తెచ్చిన బట్టల మూటలున్నాయి మరి.

అక్క సంగటి, చెనక్కాయలు నూరి చేసిన ఊరిబిండి పచ్చడి పెట్టింది. రెండో ముద్ద తుంచుతుండగా దూలం మీంచి ఒక ఎలుక బండల మీద పడి, రెండు చుట్లు తిరిగి చచ్చింది. బావ తొణక్కుండా పట్టకారుతో ఎత్తి పెరటిగోడ మీంచి పక్కింట్లోకి విసిరేశాడు. అది మొదటిది కాదని ఆయన వాలకం చూస్తేనే తెలిసింది.

"బయట అనబాక బామ్మర్దీ. సర్కారోల్లకు తెలిస్తే ఎండ పడాలని మిద్దెకు బొక్కలు పెట్టి మూటలన్నీ కాలబెడతారు."

"అక్కనన్నా నాతో పంపు బావా."

"శుక్రవారం పూట ఇంటి ఆడదాన్ని గడప దాటిస్తారా ఎవురన్నా? బుధవారం మంచిది. నేనే పిల్చకొస్తా."

చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి పోతే అక్క వెనకే వచ్చింది. "నన్ను తీసకపోరా. నాకు శానా భయంగా ఉండాది."

"ఐదు రోజులే కదక్కా," అన్నాను. బావతో తగువెందుకని ఊరుకున్నట్టు అందరికీ చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆ ఇంట్లోంచి నేను బయటపడితే చాలనిపించింది. మూడింటి రైలెక్కేశాను.

బుధవారం రాజంపేట స్టేషనుకు పోయాను. బావ ఒక్కడే దిగాడు. అక్క సోమవారమే ప్లేగుతో పోయిందట. మూటలను మాత్రం అంతకు ముందే కమలాపురం చేర్చాడట.

ఆయన్ని తిట్టడం నాకు సులువే, ఇన్నేళ్లుగా తిడుతూనే ఉన్నాను. కానీ ఎలుక పడిన ఇంట్లో అక్కను వదిలి, తిన్న కంచం దగ్గర్నుంచి లేచి వచ్చింది నేను.

కడపకు పోయేవాళ్లకు ఒక్క మాట. ఏడింటి రైలుకు పోతే మూడింటి రైలుకు తిరిగి రావచ్చు. మీవాళ్లెవరైనా వస్తామంటే వారం చూడకండి, రెండు టికెట్లు తీసుకోండి.