నాలుగో నంబరు రక్తం

రెండువేల దశకం చివర్లో ఢిల్లీలో ఒక లాబ్‌లో కొత్త ఫెలోగా చేరాను. నా పనిలో సైన్సు తక్కువ, గాజుసామాను కడగడం ఎక్కువ. అప్పుడప్పుడు రక్తం కూడా ఇవ్వాలి. ప్రయోగానికి కణాలు కావాలంటే మావాళ్లు బయట వెతికేవారు కాదు. కారిడార్‌లో ఎవరు ఖాళీగా కనిపిస్తే వాళ్లే దాతలు. నేను తరచూ ఖాళీగా కనిపించేవాణ్ణి.

ఆ రక్తం మా సీనియర్ పీహెచ్‌డీకి. తెనాలి మనిషి, లాబ్‌లో నాకున్న ఏకైక అక్క. తెల్లరక్తకణాలకు బాక్టీరియా పైపొర పదార్థం తగిలిస్తే అవి శత్రువు వచ్చాడనుకుని వాపు పుట్టించే ప్రోటీన్లు తయారు చేస్తాయి. కాసేపటికి అదే కణంలో ఒక మైక్రో ఆర్‌ఎన్‌ఏ పెరుగుతుంది. చాలా చిన్న ముక్క. దాని నుంచి ఏ ప్రోటీనూ తయారు కాదు. ప్రమాద సంకేతాన్ని ముందుకు అందించే ప్రోటీన్లు ఉంటాయి కదా, వాటి తయారీ ఆదేశాలకు అతుక్కుని వాటిని తగ్గిస్తుంది. గోల సద్దుమణుగుతుంది. ఇది మనుషుల కణాల్లో చూపించడమే అక్క పని.

“అచ్చం నువ్వేరా అది,” అనేది. “సొంతంగా ఓ పనీ చెయ్యదు. పక్కోళ్ల హడావుడి మీద నీళ్లు చల్లుద్ది.”

“గ్లాసులు కూడా కడుగుద్దా అక్కా?”

నలుగురు దాతలు కావాలి. ఏ రక్తం ఎవరిదో అక్కకు తెలియకూడదని నంబర్లు నర్సు వేసేది. నాలుగో మనిషి హోలీకి ఊరెళ్లిపోయాడు. నెలన్నరలో కమిటీ సమీక్ష, అప్పటికి ఫలితం లేకపోతే అక్క ఫెలోషిప్‌కు పొడిగింపు లేదు. నర్సు నన్ను పిలిచింది. అప్పటికి నా జ్ఞానదంతం చీము పట్టి చెంప వాచింది.

“ఏంటి బాబూ ఆ చెంప?” అంది. ఆవిడది కాకినాడ.

“మా పీజీ హాస్టల్లో పెట్టిన రాజ్మా, ఆంటీ. ఇంకా మింగలేదు.”

“నవ్వించకు, సూది కదులుద్ది. జ్వరం, ఇన్ఫెక్షన్ ఏవన్నా ఉన్నాయా? సచ్ బోలో, నిజం చెప్పు.”

“లేవాంటీ.”

ఫారంలో ‘లేదు’ దగ్గర టిక్కు పెట్టాను. సాయం చేస్తున్నాననే అనుకున్నాను. పైగా పంటి నొప్పికి హడావుడి చెయ్యడం నాకు చేతకాదు.

ఫలితాలు వచ్చాయి. ముగ్గురి కణాల్లో ఆ మైక్రో ఆర్‌ఎన్‌ఏ మొదట తక్కువగా ఉండి, పదార్థం తగిలాక పెరిగింది. నాలుగో నంబరులో మాత్రం ఏమీ తగలకముందే బాగా పెరిగి ఉంది. నాకు వెంటనే అర్థమైంది. ట్యూబు మీద నంబరు వేస్తుంటే చూశాను మరి.

“కారణం లేకుండా ఒక దాతను తీసెయ్యకూడదు,” అని అక్క గైడు తన గదిలోకి వెళ్లిపోయారు.

అక్క ప్రయోగానికి వాడిన నీళ్లను అనుమానించింది. రసాయనాలన్నీ మార్చింది. “గ్లాసులు సరిగ్గా కడిగావా?” అని నన్నూ అడిగింది. కడిగానన్నాను. అది నిజమే. పన్ను సంగతి చెబితే, ఫారంలో అబద్ధం రాసినవాణ్ణి ఉంచుకోరని నా భయం. దాచిన శాంపిల్‌తో మళ్లీ చేసింది. మళ్లీ అదే.

“అసలు నా ఐడియానే తప్పేమోరా. ఇంటికెళ్లిపోతే సరిపోద్ది,” అంది, టీ తెమ్మన్నంత మామూలుగా.

దీనికో జోకు వేయాలి. దొరకలేదు.

“నాలుగు నేనే అక్కా. పన్ను చీముపట్టింది, చెప్పలేదు. నీ బాక్టీరియా కంటే ముందు నావి వచ్చేశాయి.”

నవ్వలేదు. “ఫలితం వచ్చి ఎన్నాళ్లైంది?”

“పదకొండు రోజులు.”

“పదకొండు రోజులు నన్ను చూస్తూ కూచున్నావా?”

నేను గ్లాసులు కడగడానికి వెళ్లాను. అన్నీ శుభ్రంగానే ఉన్నాయి.

ఫారం దిద్ది సంతకం పెట్టాను. ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లను తీసుకోకూడదని నియమం ముందే ఉంది కాబట్టి గైడు ఒప్పుకున్నారు. పన్ను పీకించుకుని, మళ్లీ రక్తం ఇస్తానన్నాను.

“నీది నాకొద్దు,” అంది అక్క.

హోలీకి వెళ్లినవాడు తిరిగొచ్చి ఇచ్చాడు. అతని కణాలు బుద్ధిగా ప్రవర్తించాయి. పొడిగింపు వచ్చింది. థీసిస్ అచ్చయ్యాక అక్క ఒక కాపీ నా బల్ల మీద పెట్టి వెళ్లింది. కృతజ్ఞతల్లో నర్సు ఉంది, క్యాంటీన్ భయ్యా ఉన్నాడు. నేను లేను. నేనున్నది పద్ధతుల అధ్యాయంలో, ఒక్క వాక్యంలో: పంటి ఇన్ఫెక్షన్ ముందుగా తెలపనందున ఒక దాతను తొలగించడమైనది.

ఆ వాక్యంలో తీసెయ్యాల్సిన మాట ఒక్కటీ లేదు.