ఫ్రెంచి పాటల్లో మా బాబాయి బాతులు

మా కాలంలో ఇంటర్మీడియట్‌లో ఫ్రెంచి తీసుకున్నవాళ్ళకి ఫ్రాన్సు మీద ప్రేమ ఉండేదనుకుంటే పొరపాటు. ప్రేమంతా మార్కుల మీద. సగం పేపరు ఇంగ్లీషులోనే రాయొచ్చని సీనియర్లు చెబితే చేరాను. ఆ సగం బాగానే రాశాను. మిగతా సగానికి ఒక వ్యాసం బట్టీ పట్టాను. రెండేళ్ళ చదువులో చివరికి నాకు మిగిలింది ఒకే ఒక్క వాక్యం: ‘మా బాబాయి తోటలో మూడు బాతులు ఉన్నాయి.’ (మా బాబాయి గుంటూరులో పోస్టాఫీసు గుమాస్తా. తోట లేదు. బాతులూ లేవు.) మార్కులు మాత్రం తొంభై నాలుగు వచ్చాయి. అంచేత ఇంజనీరింగ్ అయ్యాక రాసుకున్న బయోడేటాలో, ‘తెలిసిన భాషలు’ అన్నచోట తెలుగు, ఇంగ్లీషు, హిందీల పక్కన ఫ్రెంచి కూడా వేశాను. ఆ వరస అందంగా నిండింది.

ఆ అందం సౌదీలో, కువైట్ సరిహద్దు దగ్గరున్న ఖఫ్జీ అనే ఊళ్ళో నా మెడకి చుట్టుకుంది. గల్ఫ్ యుద్ధం అప్పుడే ముగిసింది. గోడలకి తూటాలు చేసిన చిల్లులు ఇంకా పూడ్చలేదు. చమురు లైన్ల మరమ్మతుకి వచ్చిన మా క్యాంపులో పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చిన ఒక వెల్డర్ ఉండేవాడు. వాళ్ళ దేశంలో ఫ్రెంచి మాట్లాడతారు. పొద్దున్నే మెస్సులో రొట్టె తుంచుకుంటూ, ఒక్కో ముక్కకి ఒక్కో దేశాధ్యక్షుణ్ణి తిట్టేవాడు. అందుకని మేం అతనికి ‘ప్రెసిడెంటు’ అని పేరు పెట్టాం. అతను దాన్ని తిట్టుగానే తీసుకునేవాడు. పెళ్ళాం కానుపు అయిన ఏడాదిన్నరకి అతనికి సెలవు దొరికింది. గురువారం విమానం. కూతుర్ని ఫోటోలో తప్ప చూడలేదు. ఆ ఫోటోని వెల్డింగ్ హెల్మెట్ లోపల అంటించుకున్నాడు.

సరిగ్గా ఆ వారమే వాళ్ళన్నయ్య పంపిన పార్సిల్లో ఒక కాసెట్ వచ్చింది, గేటు దగ్గర పట్టుబడింది. రెగ్గే పాటలు. అట్ట మీద మోకుల్లాంటి జుట్టున్న గాయకుడు పిడికిలెత్తి నిలబడ్డాడు. అతని వెనకాల విరిగిన యుద్ధ ట్యాంకు. మా సెక్యూరిటీ ఆఫీసరు పాకిస్తాన్ సైన్యంలో సుబేదారుగా రిటైరైన పెద్దమనిషి. ఆ రోజుల్లో, ఆ ఊళ్ళో, ట్యాంకు బొమ్మని ఆయన తేలిగ్గా వదలగలడా? ప్రెసిడెంటు పాస్‌పోర్టుని సొరుగులో పెట్టి తాళం వేసి, నన్ను పిలిపించాడు.

“ఇంజనీర్ సాబ్, మీ ఫైల్లో ఫ్రెంచ్ జాన్తే హైఁ అని రాసుంది. ఈ పాటల్లో ఏముందో బుధవారానికి రిపోర్టు ఇవ్వండి. మాషా అల్లా, చదువుకున్నవాళ్ళు!”

“అతన్నే రాయమంటే పోలా సాబ్?”

“ముద్దాయి చేత పంచనామా రాయిస్తారా?”

రాదని చెప్పొచ్చు. చెబితే కాసెట్ ఫ్రెంచి వచ్చినవాణ్ణి వెతుక్కుంటూ ఊళ్ళు తిరుగుతుంది, విమానం వెళ్ళిపోతుంది. (నా బయోడేటా సంగతి ఆ తర్వాతే గుర్తొచ్చిందని రాయాలని ఉంది. కానీ ముందు గుర్తొచ్చింది అదే.) టేపు రికార్డరు, కాసెట్ తెచ్చుకుని గదిలో రెండుసార్లు విన్నాను. అక్కడక్కడ వాళ్ళ సొంత భాష, మిగతాదంతా ఫ్రెంచి. ఎంత చెవి ఒగ్గినా ఒక్క బాతూ రాలేదు. చివరికి ప్రెసిడెంటునే పిలిచాను.

“మొదటిది ప్రేమ పాటే కదా?” అన్నాను ఆశగా.

“కాదు ముహందిస్.” (ఇంజనీరుని అక్కడ అలాగే పిలుస్తారు.) “ఆయుధాలు అమ్మేవాడి గురించి.”

“రెండోది?”

“ఆయుధాలు కొనేవాడి గురించి.”

“మూడోది?”

“కొన్నవాడు వాటిని మా మీదే పేల్చడం గురించి.”

“ఇంత పెద్ద కాసెట్‌లో ఒక్క అమ్మాయి కూడా లేదా నాయనా?”

“నాలుగో పాటలో ఉంది.”

“అమ్మయ్య!”

“సమ్మె చేస్తుంది.”

“బాబూ, ఆ అమ్మాయి ఎవరినో ప్రేమించిందని రాస్తాను. నీ సొమ్మేం పోతుంది?”

“ఆ గాయకుడు ఈ పాటలు పాడినందుకు దేశం వదిలి వెళ్ళాడు. నువ్వు అతన్ని ప్రేమికుణ్ణి చేస్తావా?” అని లేచి వెళ్ళిపోయాడు. అతని కూతురి కోసం నేను అతన్నే బతిమాలుకోవాల్సి రావడం ఏం ఖర్మో! పెన్ను తీశాను. తెలిసిన ఫ్రెంచి అంతా అందులో పెట్టేశాను.

బుధవారం సుబేదారు నా రిపోర్టు మా ఇద్దరి ముందూ గట్టిగా చదివాడు. మొదటి పాట: గాయకుడి బాబాయికి ఒక తోట ఉంది. రెండోది: తోటలో మూడు బాతులు ఉన్నాయి. మూడోది: వర్షం రాలేదు. నాలుగోది: వచ్చింది.

“పూరీ కాసెట్ మే బతఖ్?” అన్నాడు. కాసెట్ నిండా బాతులేనా అని.

“వ్యవసాయ దేశం సాబ్.”

“మరి ట్యాంకు?”

“విరిగిపోయింది కదా సాబ్. అది తోటలోకి రాకూడదని భావం.”

ఆయన కళ్ళజోడు మీంచి ప్రెసిడెంటుని చూశాడు. “ఇదంతా నిజమేనా?”

ప్రెసిడెంటు నన్ను చూశాడు, సొరుగుని చూశాడు. నాకు చెమటలు పోశాయి. తల ఊపరా నాయనా, ఒక్కసారి ఊపు!

“తోట ఉంది. బాతులు ఉన్నాయి,” అన్నాడు మెల్లిగా.

ఊపిరి పీల్చుకున్నాను.

“కానీ ఆ తోట ఇప్పుడు బాబాయిది కాదు. పెద్దవాళ్ళు లాక్కున్నారు. ముహందిస్ అది రాయలేదు. అది లేకపోతే రిపోర్టు తప్పు.”

అయిపోయింది, గురువారం అయిపోయింది.

సుబేదారు కళ్ళజోడు తీశాడు. “లాక్కున్నారా? కాగితాలు లేవా?”

“ఉన్నాయి. వాళ్ళ దగ్గర తుపాకులు ఉన్నాయి.”

ఆయన బల్లమీది కాసెట్ అట్టని దగ్గరికి లాక్కున్నాడు. “హమారే గాఁవ్ మే భీ,” అని గొణిగాడు. వాళ్ళ ఊళ్ళోనూ అంతేనట. నా రిపోర్టు అడుగున తన చేత్తోనే ‘తోటని పెద్దవాళ్ళు లాక్కున్నారు’ అని ఒక వాక్యం చేర్చి, స్టాంపు వేసి, సొరుగు తాళం తీశాడు.

ప్రెసిడెంటు గురువారం వెళ్ళాడు. వెళుతూ కాసెట్ నా చేతిలో పెట్టి, “విను. బాతుల కోసం వెతక్కు,” అన్నాడు. సెలవయ్యేలోగా మా పని ముగిసి క్యాంపు ఎత్తేశారు. మళ్ళీ కలవలేదు. వేసి వేసి ఆ టేపు తెగిపోయింది. ఫ్రెంచి ఇప్పటికీ రాదు. తర్వాతి బయోడేటాలో ఆ మాట కొట్టేశాను, ఆ వరస బోసిపోయింది. ఓ మనిషిని కాపాడుతున్నానని తెగ చెమటలు పట్టిన ఆ తొంభై నాలుగు మార్కుల కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. అతని రిపోర్టులో ఒకే ఒక్క నిజమైన వాక్యం ఉంది, అది అతను రాసింది కాదు. ఎక్కడైనా ఆ తరహా పాట వినిపిస్తే మాత్రం ఇప్పటికీ నిలబడిపోతాను, ఆ తోట బాబాయికి తిరిగొచ్చిందేమో పాడేవాడు చెబుతాడని.