అత్త లోటా పెట్టి చూసిన గది

పోయిన నెల మా మేనత్త కన్నుమూసింది. అంబత్తూరులో ఆమె ఇంటి వెనక ఒక ఫోర్జింగ్ ఫ్యాక్టరీ ఉంది. ఇనుమును సాగగొట్టే పెద్ద హ్యామరు మధ్యాహ్నం భోజనానికి ఆగే అరగంటలోనే ఆమె కునుకు తీసేది. ఆ రోజు హ్యామరు మళ్ళీ మొదలైనా ఆమె లేవలేదు. నాన్న ఫోనులో చెప్పింది ఇంతే: "గిన్నెలన్నీ మోగతా ఉండాయి పాపా. అక్క లేవలా."

అత్త బడికి పోలేదు. మా ఇంట్లో చదువుకున్న మొదటి మనిషిని నేను, అదీ భూమి గురించిన చదువు. కానీ మొదటి పాఠం ఆమెదే. ఆమె ఇల్లు పూడ్చిన చెరువు మీద ఉంది. హ్యామరుకు ఇంకా దగ్గరగా, గట్టి నేల మీద రేషను షాపు ఉంది. షాపులో ఏదీ కదలదు. దూరంగా ఉన్న అత్త ఇంట్లో మాత్రం గిన్నెలు అలమర అంచుదాకా నడిచి వచ్చేవి. ఎందుకని చిన్నప్పుడు అడిగితే, తోడుకున్న పెరుగు గిన్నెను వేలితో తట్టింది.

"చూడు. గిన్నె నిలిచిపోయె. పెరుగు నిలిచిందా?"

అది నిలిచేదాకా నన్ను తిననివ్వలేదు.

చుట్టాల్లో ఎవరు ఇల్లు అద్దెకు తీసుకున్నా అత్త స్టీలు లోటాతో ముందు బయలుదేరేది. అంచుదాకా నీళ్ళు పోసి నేల మీద పెట్టి పక్కన కూర్చునేది. ఇంటివాళ్ళు కాఫీ ఇస్తే తీసుకునేది గానీ లోటా మీంచి చూపు తిప్పేది కాదు. మా చిన్నాన్నకు అలా నీళ్ళు ఊగి వరసగా నాలుగు ఇళ్ళు తప్పిపోయాయి. ఐదోది ఆమెకు చెప్పకుండా తీసుకున్నాడు.

ఎమ్మెస్సీ చివరి ఏడాది, హిమాలయాల్లో ఒక లోయ ఊరికి పోయి నేల కదలికలు కొలవాల్సి వచ్చింది. పోకపోతే నాకు డిగ్రీ లేదు. నాన్న ఒప్పుకోలేదు.

"భూకంపం వచ్చే ఊరిని ఎతుక్కోని పోతారా ఎవురైనా?"

"ఈడ దినామూ వస్తానే ఉండాది, నన్నెవురైనా అడిగినారా?" అంది అత్త. "పాపతో నేనూ పోతా."

"నువ్వు పోయి ఏం జేస్తావక్కా?"

"గది జూస్తా."

మమ్మల్ని తీసుకుపోయే ప్రొఫెసరు, మా సారు, ఆమెను వంటకని జట్టులో రాసుకున్నారు.

ఆ ఊళ్ళో సారు బజారు మధ్యన లాడ్జి మాట్లాడి ఉంచారు. తమిళం రాని మేనేజరును అత్త అంబత్తూరులో అలవాటైన తమిళంలోనే కదలొద్దని గోడ పక్కన నిలబెట్టి, లోటా పెట్టింది. బయట బస్సు పోయింది. నీళ్ళలో వలయాలు లేచాయి. బస్సు మలుపు తిరిగిపోయాక కూడా అవి పోలేదు.

"పెరుగు," అని అత్త సంచి ఎత్తుకుంది.

"అమ్మా, మేం పరికరాలతో కొలవడానికే కదా వచ్చింది," అన్నారు సారు.

"కొలవండి సార్. మేము కొలిచేసినాము."

కొండ వైపు రాతి మీద కట్టిన ఒక ఇంట్లో లోటా ఒప్పుకుంది. ఇంటి వెనకే లారీ పోయినా నీళ్ళు కదల్లేదు. బజారు నుంచి అక్కడికి చాలా మెట్లు. సారు రోజూ వాటిని పైకి వినిపించేలా లెక్కపెట్టేవారు.

ఒక పరికరం లాడ్జి పెరట్లో, ఒకటి మా రాతి ఇంటి ముందు పెట్టాం. మూడో రోజు ఎక్కడో దూరాన భూమి చిన్నగా కంపించింది. మాకెవరికీ తెలియలేదు, పరికరాలకు తెలిసింది. రాతి మీద సన్నగా వచ్చి పోయిన కదలిక, కింద మెత్తటి మట్టిలో పెద్దదై, చుట్టూ ఉన్న రాతి అంచులకు తగిలి వెనక్కి మళ్ళుతూ చాలాసేపు నిలిచింది. ఆ లోయంతా రాతి గిన్నెలో తోడుకున్న మట్టి. సారు ఆ గీతలను చూసి చూసి, పెరుగు సంగతి ఇంకోసారి చెప్పమని అత్తను అడిగారు.

"పాపనడగండి సార్. చదువుకునింది అది కదా."

ఇప్పుడు ఆ లోయలోనే నాకు ఉద్యోగం వచ్చింది. వచ్చే వారం ఒక్కదాన్నే పోవాలి. నాన్న ఈసారి అడ్డుపడితే నా తరఫున మాట్లాడేందుకు అత్త లేదు. అందుకే కర్మ అయ్యేదాకా ఆ మాట ఎత్తలేదు. మరుసటి రోజు చెబితే, ఆయన అత్త వంటింట్లోకి పోయి లోటా కడిగి తెచ్చాడు.

"గది జూడకుండా సంచి దించొద్దు," అన్నాడు. తర్వాత, "ఎట్ట పెట్టేది అక్క? చూపించు."

అంచుదాకా నీళ్ళు పోసి, ఆమె కూర్చునే చోట పెట్టాను. హ్యామరు పడింది. నీళ్ళు ఊగాయి, అవి నిలవకముందే ఇంకో దెబ్బ పడింది. అమ్మ కాఫీ తెచ్చింది. ఇద్దరం అందుకున్నాం గానీ, లోటా మీంచి చూపు తిప్పలేదు.