టీచరమ్మ కుక్కతో నా డ్యూటీ

బంగారు గని మూతపడిన తర్వాత కూడా చాలా రోజులు నాకు తెల్లవారకముందే మెలకువ వచ్చేది. షిఫ్టుకు వెళ్లిన అలవాటు ఒంటిని వదల్లేదు. లేచి, ముఖం కడుక్కుని, ఊరికే గడప మీద కూర్చునేవాణ్ని. గని కార్మికుల ఇళ్లుండే మా లైన్లో మగవాళ్లంతా రైలెక్కి బెంగళూరుకు పనికి పోతున్నారు. నేనూ కొన్నాళ్లు పోయాను. గని దుమ్ము తిన్న నా ఊపిరితిత్తులు ఆ రైలు తోపులాటకు తట్టుకోలేకపోవడంతో మానేశాను.

మా ఆవిడ బంగళాల వైపు ఒక రిటైరైన టీచరమ్మ ఇంట్లో వంట చేసేది. టీచరమ్మ భర్త గని ఆఫీసులో గుమాస్తాగా చేసి, ఆ మధ్యే పోయాడు. ఆయన ముద్దుగా పెంచుకున్న నల్ల లాబ్రడార్ అప్పటినుంచి గేటు దగ్గరే పడుకుని ఉంటోంది. తిండి కూడా సరిగ్గా ముట్టదు. తుంటి విరిగిన టీచరమ్మకేమో కర్ర లేకుండా అడుగు పడదు.

"దాన్ని పొద్దున్నే తిప్పకొస్తావా అని అమ్మ అడగతా ఉండాది. నెల జీతం ఇస్తాదంట" అంది మా ఆవిడ.

"భూమి కింద డ్రిల్లు పట్టినోణ్ణి. ఇంగ కుక్క గొలుసు పట్టేదా?"

"పడితే చెయ్యేం అరిగిపోదులే. పోయి చూసి రా."

వెళ్లాను. మొదటిరోజు ఎంత లాగినా అది కదల్లేదు. విసుగొచ్చి దాని పక్కనే నేలమీద కూర్చున్నాను. చాలాసేపటికి అది నా అరచెయ్యి వాసన చూసి, తనంతట తనే లేచింది. నేను మైదానం వైపు తిప్పబోతే అది నన్ను ఇంకోవైపు లాక్కుపోయింది. గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బ పక్కనుంచి నేరుగా బస్టాండు దగ్గరి టీకొట్టుకు వెళ్లి, బెంచీ కింద పడుకుంది.

టీకొట్టాయన దాన్ని చూసి గ్లాసు కింద పెట్టేశాడు. "వచ్చినావా అప్పా!" అని వంగి, దాని ముందర బన్ను ముక్క పెట్టాడు. అది మొత్తం తినేసింది.

"సారు దినామూ ఈడనే కూచొంటా ఉండె" అన్నాడు నాతో. "చక్కెర డబల్ వేసి టీ, రెండు బోండాలు. ఇంట్లో మాత్రం చెప్పొద్దప్పా అనేవాడు."

ఆయనకు షుగరని మా ఆవిడ ఎప్పుడో చెప్పింది. ఈ సంగతి టీచరమ్మకు చెప్పాలా వద్దా అని కొన్నాళ్లు నలిగిపోయాను. చివరికి ఆమే అడిగింది.

"ఇంత హుషారుగా పోతా ఉండాదే, యాడికప్పా మీరు పోయేది?"

ఆ ముఖం చూస్తూ అబద్ధమాడలేకపోయాను. అంతా చెప్పేశాను. ఇక రావద్దంటుందనుకున్నాను. ఆమె ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది. కళ్లలోంచి నీళ్లు కారేదాకా నవ్వింది.

"నేను ఉప్పేసిన రాగిజావ ఇస్తే, శానా బాగుండాది అని తాగేవాడే! దొంగాయన!" కొంగుతో కళ్లు తుడుచుకుని అడిగింది. "నన్నూ ఆడికి పిల్చుకొని పోతావా?"

మొదట గేటు దాకా, కొన్నాళ్లకు వీధి మలుపు దాకా వచ్చింది. నన్ను ఈడ్చుకుపోయే కుక్క ఆమె ఉంటే మాత్రం రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి చూసేది. వానాకాలం వచ్చేసరికి టీకొట్టు చేరాం. భర్త కూర్చునే బెంచీ మీదే కూర్చుని చక్కెర డబల్ వేసిన టీ అడిగింది. ఒక గుక్క తాగి ముఖం చిట్లించింది.

"అబ్బా, పాకం మాదిరి ఉండాది." అయినా గ్లాసు ఖాళీ చేసింది.

అక్కడే ఒక బ్యాంకు మేనేజరు మమ్మల్ని చూసి తన కుక్కనూ తిప్పమన్నాడు. ఆయన మాట విని ఒక డాక్టరమ్మ పిలిచింది. అలా ఇల్లు గడిచేంత పని దొరికింది. లైన్లో నన్ను కుక్కలాయన అనేవాళ్లు. మొదట్లో గుచ్చుకునేది. పోనుపోను ఆ మాటకు నవ్వుతూ పలకడం నేర్చుకున్నాను.

నల్లకుక్క ముసలిదై వసారా దిగలేని రోజుల్లోనూ వెళ్లేవాణ్ని. ఫ్లాస్కులో టీ పట్టుకెళ్తే ముగ్గురం అక్కడే కూర్చునేవాళ్లం. ఒక పొద్దున అది నా పాదం మీద తలపెట్టి పడుకుని, మళ్లీ లేవలేదు. పెరట్లో నేనే గొయ్యి తవ్వి పూడ్చాను. టీచరమ్మ ఆ మట్టి మీద చెయ్యి ఆనించి చాలాసేపు ఉండిపోయింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఇడ్లీ తినేసి పో అప్పా. ఆ కుక్కలు ఎదురుచూస్తా ఉంటాయి."

తిని లేచాను. అప్పటికే బాగా ఎండెక్కింది. మేనేజరు ఇల్లు చేరేసరికి గేటు బయటికే కుక్క మొరుగుడు వినిపిస్తోంది.